ఆకుపచ్చ సిరా చూసి తలుపు తీస్తే...

పండక్కి బెంగళూరు నుంచి అక్క వచ్చింది. పిండివంటలు, పలకరింపులు అయ్యాక లాప్‌టాప్ తెరిచి, “ఒరేయ్, నాయనమ్మ పాటలు, నాన్న ఫొటోలు అన్నీ ఒకచోట పెట్టానన్నావుగా. నాకూ కావాలి” అంది తమ్ముడితో.

విజయవాడలోని ఆ ఇంటి పెద్దాయన రిటైరైన గెజిటెడ్ హెడ్మాస్టరు. ఆయన సర్వీసులో తీయించుకున్న ఫొటోలు, పెళ్లిళ్ల ఆల్బమ్‌లు, కాలం చేసిన నాయనమ్మ టేపు రికార్డరు ముందు కూర్చుని పాడిన మంగళహారతులు... అన్నిటినీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించాడు ఇంజినీరింగ్ చదివే కొడుకు. పక్కన పడేసిన పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, హాల్లో టీవీ వెనక ఓ మూల పెట్టాడు. వైఫై ఉంటే చాలు, ఇంట్లో ఏ గదిలోంచైనా అవి చూసుకోవచ్చు. వాడి లాప్‌టాప్‌లోనూ లినక్సే. ఏ పేచీ లేకుండా పనిచేస్తోంది.

అక్కది మ్యాక్. అదే ఇల్లు, అదే వైఫై, అదే ఫోల్డరు. అయినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటూ మొరాయించింది. తమ్ముడు అరగంట కుస్తీ పట్టి కారణం కనిపెట్టాడు. సర్వర్లో ఒక్క మాట చేరిస్తే అయిపోతుంది. తీరా చూస్తే ఆ మాట... ‘ఇన్‌సెక్యూర్’!

పక్కనే కూర్చున్న నాన్నగారికి గుండెలో రాయి పడింది. “ఇన్‌సెక్యూరా? వద్దురా బాబూ. ఫొటోలంటే మళ్లీ తీయించుకోవచ్చు. నాయనమ్మ గొంతు ఎక్కడి నుంచి తెస్తాం?” అన్నారు.

ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు అనే మాటే అది. కానీ అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ మాట లేకుండా ఇన్నాళ్లూ ‘సెక్యూర్’ అన్నారే, అది నిజంగా దేన్ని కాపాడింది? దీనికి జవాబు తెలియాలంటే నలభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

దూరపు బీరువా

ఒక కంప్యూటర్లో ఉన్న ఫోల్డరును మరో కంప్యూటర్‌కు తగిలించి, అది తన సొంత ఫోల్డరే అన్నట్టు వాడుకోవడాన్ని ‘మౌంట్’ చేయడం అంటారు. పక్క గదిలోని బీరువా తలుపు మన గదిలోనే తెరుచుకున్నట్టన్నమాట. ఫైళ్లు అక్కడే ఉంటాయి. చూసేది, మార్చేది ఇక్కడి నుంచి.

ఈ పనికి బాగా పేరుపడ్డ పద్ధతి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. పొట్టిగా ఎన్ఎఫ్ఎస్. 1984లో దీన్ని తయారుచేసింది అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్. 1982లో ఆ సంస్థను పెట్టిన నలుగురిలో ఒకరు మన ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా. మరొకరు బిల్ జాయ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో యూనిక్స్‌కు కొత్త రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఆయన. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. కంపెనీ పోయినా ఎన్ఎఫ్ఎస్ మాత్రం నిలిచింది. కాలేజీ ల్యాబుల నుంచి పెద్దపెద్ద డేటా సెంటర్ల దాకా ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

అరవై అయిదు వేల తలుపులు

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ 0 నుంచి 65,535 వరకు నంబర్లు వేసిన తలుపులుంటాయి. వీటినే పోర్టులు అంటారు. ఇవి కంటికి కనిపించవు. కంప్యూటర్ వెనక వైరు గుచ్చే పోర్టులు కావివి, ఉత్త నంబర్లు. ఒక్కో పనికి ఒక్కో తలుపు. వెబ్‌సైట్లకు 80, బ్యాంకు లావాదేవీల్లాంటి భద్రమైన వెబ్‌సైట్లకు 443, మెయిల్‌కు 25. ఎన్ఎఫ్ఎస్ సర్వరు కూర్చునే తలుపు 2049.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఉత్తరం మీద చేరాల్సిన చిరునామాతో పాటు పంపినవారి చిరునామా కూడా ఉంటుంది కదా. అలాగే నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి విన్నపం మీదా రెండు తలుపుల నంబర్లు ఉంటాయి. చేరాల్సిన తలుపు ఒకటి, బయల్దేరిన తలుపు ఇంకొకటి. అక్క ఇంట్లో గొడవంతా ఈ రెండోదాని గురించే.

యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో ఓ కట్టుబాటు ఉంది. 1024 కంటే తక్కువ నంబరున్న తలుపులను అందరూ తెరవకూడదు. ఆ యంత్రానికి సర్వాధికారి అయిన ‘రూట్’ మాత్రమే తెరవాలి. వీటినే ప్రివిలేజ్డ్ పోర్టులు అంటారు. అంటే అధికారుల తలుపులు. 1024, ఆపైన ఉన్నవి ఎవరైనా వాడుకోగల మామూలు తలుపులు.

హెడ్మాస్టరు గారి పెన్ను

ఈ కట్టుబాటు బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చింది. 1983లో వెలువడిన 4.2 బీఎస్డీ దాన్ని ప్రపంచమంతా పరిచింది. అప్పట్లో కంప్యూటర్ అంటే ఇంటికొకటి కాదు. ఒక్కో విభాగానికి ఒకటి. పదులకొద్దీ విద్యార్థులు, ఉపాధ్యాయులు దాన్నే పంచుకునేవారు. రూట్ పాస్‌వర్డ్ ఒకరిద్దరు నిర్వాహకుల దగ్గరే ఉండేది. ఆ నిర్వాహకులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

అలాంటి రోజుల్లో ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌ను ఏదైనా అడిగితే, ఆ అడిగిన తలుపు నంబరు 1024 లోపుంటే ఒక అర్థం ఉండేది. ‘ఇది ఏ కుర్రాడో రాసిన ప్రోగ్రాం కాదు. మా యంత్రపు అధికారి తరఫున అడుగుతున్నాం’ అని.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఒకప్పుడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే సర్టిఫికెట్ల జిరాక్సు కాపీలు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు ఇంటికి వెళ్లాల్సి వచ్చేది. ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, కింద ముద్ర వేస్తేనే దానికి విలువ. ఆ రంగు చూడగానే అవతలి గుమస్తా ‘అధికారి సంతకమే’ అనుకుని కాగితం తీసుకునేవాడు. 1024 లోపు నంబరు కూడా అలాంటి ఆకుపచ్చ సిరాయే.

ఎన్ఎఫ్ఎస్‌కు ఈ సిరాతో చాలా అవసరం పడింది. ఎందుకంటే, మొదటి నుంచీ ఎన్ఎఫ్ఎస్ సర్వరు పాస్‌వర్డ్ అడగదు. యూనిక్స్‌లో ప్రతి మనిషికీ పేరుతో పాటు ఒక నంబరు ఉంటుంది. ఫైలు అడిగే కంప్యూటర్ ‘ఇది ఫలానా నంబరు మనిషి కోసం’ అని చెబుతుంది. సర్వరు దాన్ని నమ్మేస్తుంది. మరి ఆ కంప్యూటర్ మీద కూర్చున్న విద్యార్థి సొంతంగా ప్రోగ్రాం రాసి, మాస్టారి నంబరు చెప్పి, ప్రశ్నపత్రం తెచ్చుకుంటేనో? అందుకే సర్వరు ఓ షరతు పెట్టింది. ‘1024 లోపు తలుపు నుంచి వస్తేనే వింటాను’ అని. విద్యార్థి ప్రోగ్రాంకు ఆ తలుపు తెరుచుకోదు. దాంతో ఆట కట్టు!

లినక్స్ సర్వర్లో ఈ షరతు పేరే ‘సెక్యూర్’. ఎవరూ ఏమీ చెప్పకపోతే అదే అమల్లో ఉంటుంది. లినక్స్ లాప్‌టాప్ మౌంట్ చేసేటప్పుడు తనంతట తానే 1024 లోపు తలుపు ఎంచుకుంటుంది. మ్యాక్ మాత్రం ఎవరూ చెప్పకపోతే మామూలు తలుపు నుంచే బయల్దేరుతుంది. తమ్ముడికి తలుపు తీసి అక్క మొహం మీద వేసేయడానికి కారణం ఇంతే. ఆమె దరఖాస్తు నీలం సిరాతో ఉంది!

తన ఇంట తానే రాజు

“అంటే ఆ షరతు మంచిదేగా. తీసేయడం ఎందుకు?” అన్నారు నాన్నగారు.

“నాన్నా, ఆకుపచ్చ పెన్ను షాపులో ఎవరు అడిగినా ఇస్తారు కదా?” అన్నాడు కొడుకు.

ఆయన ఒక్క క్షణం ఆగారు. అవును మరి. ఆ రంగుకు విలువ రంగువల్ల రాలేదు. అధికారులు కానివాళ్లు దాన్ని వాడకుండా ఉన్నన్నాళ్లే ఆ విలువ.

పోర్టుల విషయంలోనూ అదే జరిగింది. కంప్యూటర్ ఇంటింటికీ వచ్చాక ఎవరి యంత్రానికి వారే రూట్ అయ్యారు. సొంత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న ఏ కుర్రాడైనా 1024 లోపు తలుపు నిక్షేపంగా తెరవగలడు. విండోస్‌లోనైతే ఈ కట్టుబాటే లేదు. లినక్స్ కూడా 2017 నుంచి ఈ హద్దును నిర్వాహకుడు తన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలిచ్చింది. మరింకేం? ఆకుపచ్చ పెన్ను లేని చెయ్యే లేదు.

ఇలాంటి నమ్మకం ఎంత పలచనో లోకానికి అంతకుముందే తెలిసొచ్చింది. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకడానికి వాడుకున్న దారుల్లో యంత్రాల మధ్య ఉన్న ఈ పరస్పర నమ్మకం కూడా ఒకటి. 1994 క్రిస్మస్ రోజున అమెరికాలో సుతోము షిమోమురా అనే భద్రతా నిపుణుడి కంప్యూటర్లోకే ఆగంతకులు చొరబడ్డారు. నమ్మకస్తుడైన యంత్రం నుంచి వస్తున్నట్టు చిరునామాను నకిలీ చేసి మరీ! ఆ మరుసటి ఏడాది, 1995లో, ఫిన్లాండ్‌కు చెందిన టాటు ఇలోనెన్ ‘ఎస్ఎస్‌హెచ్’ను తయారుచేశాడు. తలుపు నంబరును కాకుండా రహస్య తాళంచెవిని చూసి మనిషిని గుర్తించే పద్ధతి అది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే పనికి క్రమంగా అదే స్థిరపడింది. ఎన్ఎఫ్ఎస్ మాత్రం చాలాచోట్ల పాత అలవాటు మానలేదు.

వెయ్యి అంటే చాలు

మాటలతో నాన్నగారికి తృప్తి కలగలేదు. సరే చూద్దామని పిల్లలిద్దరూ కూర్చున్నారు. అక్క లాప్‌టాప్‌లోనే ‘1024 లోపు తలుపు వాడు’ అని ఒక మాట చేర్చారు. ఆ మాట ‘రెస్వ్‌పోర్ట్’. రిజర్వ్ చేసిన పోర్టు అనే మాటకు పొట్టి రూపం. ఆ యంత్రానికి అక్కే అధికారి కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఈసారి సర్వరు తలుపు తీసింది. ‘ఇన్‌సెక్యూర్’ అనే మాటే అవసరం పడలేదు.

కానీ లోపలికెళ్లాక ఇంకో చిక్కు. నాన్నగారి సొంత ఫోల్డరు తెరుచుకోలేదు. దాన్ని తాను తప్ప వేరెవరూ తెరవకుండా తమ్ముడు ముందే కట్టుదిట్టం చేశాడు. లినక్స్‌లో వాడి నంబరు 1000. మ్యాక్‌లో మొదటి మనిషికి ఇచ్చే నంబరు 501. నంబరు కలవలేదు, సర్వరు కాదంది.

“చూశావా, కాపలా బాగానే ఉంది” అన్నారు నాన్నగారు, కాస్త ఊపిరి పీల్చుకుని.

“ఆగండి నాన్నా” అంది అక్క. తన లాప్‌టాప్‌లో 1000 నంబరుతో ఒక కొత్త యూజరును తయారుచేసింది. రెండు నిమిషాల పని. ఆ పేరుతో లోపలికి వెళ్లింది. అంతే! ఫొటోలు, ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు, నాయనమ్మ పాటలు... అన్నీ తెరుచుకున్నాయి. కావాలంటే చెరిపేయొచ్చు కూడా. పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. షరతు మాత్రం ‘సెక్యూర్’ అనే ఉంది.

నిజానికి ఎన్ఎఫ్ఎస్ సర్వర్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంటుంది. బయటి యంత్రపు రూట్ వచ్చి ‘నేను రూట్‌ను’ అంటే దాని అధికారం ఊడబెరికి, అనామకుడిగా చూస్తుంది. మంచిదే. కానీ ఆ రూటే ‘నేను వెయ్యో నంబరు మనిషిని’ అని వస్తే? మారు మాట్లాడకుండా రానిస్తుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

హెడ్మాస్టరు గారు మెల్లగా అడిగారు. “పైవాటా వాళ్లకూ మనం వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాం కదరా?”

అవును, ఇచ్చారు. పండక్కి వచ్చిన చుట్టాలకు ఇచ్చారు. కేబుల్ కుర్రాడికీ ఒకసారి ఇచ్చారు. వాళ్లందరూ మంచివాళ్లే కావచ్చు. కానీ ఇన్నాళ్లూ నాయనమ్మ గొంతును కాపాడింది వాళ్ల మంచితనమే తప్ప, సర్వర్లోని ఆ మాట కాదు.

గడప కింద చోటు చాలక

అధికారుల తలుపుకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అవి తక్కువ. ఉన్నవే వెయ్యి పైచిలుకు. అందులో చాలా నంబర్లు వేరే పనులకు పేరు రాసిపెట్టి ఉంటాయి. లినక్స్ మామూలుగా మౌంట్ల కోసం 665 నుంచి 1023 వరకే వాడుకుంటుంది. లెక్కేస్తే 359 తలుపులు. ఇంట్లో ఒకటో రెండో మౌంట్లకు ఇవి ఎక్కువే. కానీ ఒకే యంత్రం వందలాది సర్వర్లకు తగులుకోవాల్సిన పెద్ద సంస్థల్లో తలుపులు అయిపోయి, కొత్త మౌంట్ నిలిచిపోతుంది. సంబంధం తెగి మళ్లీ కలపాల్సి వచ్చినప్పుడూ పాత నంబరు వెంటనే ఖాళీ కాక తంటాలొస్తాయి.

అందుకే అలాంటిచోట ‘నోరెస్వ్‌పోర్ట్’ అని చెప్పి, మామూలు తలుపుల నుంచే మౌంట్ చేస్తారు. 1024 పైన వేలకు వేల తలుపులు. కొరత ఉండదు. అయితే అవతలి సర్వరు కూడా అందుకు ఒప్పుకోవాలి. లినక్స్ సర్వర్లో ఆ ఒప్పుదల పేరే ‘ఇన్‌సెక్యూర్’. ఆ పేరు వినడానికి భయంగా ఉన్నా, చెప్పేది ఒక్కటే: ‘సిరా రంగు చూడను’ అని. మిగతా కాపలా గట్టిగా ఉన్నచోట దానివల్ల పోయేది ఏమీ లేదు. కాపలాయే లేనిచోట ‘సెక్యూర్’ వల్ల వచ్చేదీ పెద్దగా లేదు.

అలాగని పాత షరతు పూర్తిగా దండగ అనుకోవద్దు. కాలేజీ ల్యాబులో కంప్యూటర్లన్నీ నిర్వాహకుడి చేతిలో ఉండి, విద్యార్థులకు రూట్ పాస్‌వర్డ్ తెలియకుండా, సొంత లాప్‌టాప్‌లు ఆ నెట్‌వర్క్‌లో తగిలించనివ్వకుండా ఉంటే, ఆకుపచ్చ సిరాకు ఇప్పటికీ విలువుంది. 1983 నాటి బర్క్‌లీ పరిస్థితే అక్కడా ఉంది కాబట్టి. ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ‘అవతలి యంత్రానికి రూట్ ఎవరు?’ అది మీరు నమ్మే మనిషైతే ‘సెక్యూర్’ పనికొస్తుంది. ఎవరో తెలియకపోతే ఆ నంబరును నమ్ముకుని లాభం లేదు.

రంగు కాదు, మనిషిని చూడాలి

మరి అసలు మందు? మనిషెవరో నిజంగా రుజువు చేసుకోవడం. అమెరికాలోని ఎంఐటీలో 1983లో మొదలైన ‘అథీనా’ ప్రాజెక్టులో పుట్టిన కెర్బరోస్ ఈ పనే చేస్తుంది. మనిషి ముందు ఒక నమ్మకమైన కేంద్రం దగ్గర తానెవరో రుజువు చేసుకుని చీటీ తెచ్చుకోవాలి. ఆ చీటీ చూపిస్తేనే సర్వరు ఫైలు ఇస్తుంది. సంతకం రంగు చూసి ఊరుకోకుండా, సంతకం చేసినాయన్నే పిలిచి ‘ఇది మీదేనా?’ అని అడిగినట్టు. ఎన్ఎఫ్ఎస్‌తో దీన్ని కలిపే పద్ధతి 1997లో ఖరారైంది. 2000లో వచ్చిన ఎన్ఎఫ్ఎస్ నాలుగో రూపం దాన్ని తప్పనిసరిగా తయారుచేసి ఉంచాలంది. వాడటం మాత్రం నిర్వాహకుడి ఇష్టానికి వదిలేసింది. చాలామంది వాడరు, అమర్చడం కాస్త పెద్ద పని కనుక. 2022లో ఇంకో దారి ఖరారైంది. భద్రమైన వెబ్‌సైట్లలో వాడే ‘టీఎల్ఎస్’ తాళాన్నే ఎన్ఎఫ్ఎస్ మాటలకూ వేయడం. దాంతో దారిలో ఎవరూ వినలేరు, రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టగలవు.

ఇంటికి అంత హంగు అక్కర్లేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో చేసింది నాలుగు పనులు. పైవాటా వాళ్లకు, చుట్టాలకు విడిగా గెస్ట్ వైఫై పెట్టి, ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చారు. సర్వర్లో ‘ఇంట్లో ఎవరైనా’ అని ఉన్నచోట అక్క, తమ్ముడి లాప్‌టాప్‌ల చిరునామాలు మాత్రమే రాశారు. చిరునామా కూడా నకిలీ చేయొచ్చు కాబట్టి ఇది తాళం కాదు, గడియే. అందుకే మూడో పనిగా పాటలు, ఫొటోలు ఎవరైనా చూడటమే తప్ప మార్చకుండా, చెరపకుండా కట్టడి పెట్టారు. బ్యాంకు కాగితాలను అక్కడి నుంచి తీసేశారు. చివరగా అన్నిటినీ ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి నాన్నగారి బీరువాలో పెట్టారు.

రాత్రి భోజనాలయ్యాక అక్క లాప్‌టాప్‌లోంచి నాయనమ్మ మంగళహారతి వినిపించింది. నాన్నగారు కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి చూసుకున్నారు. రిటైరైనా వదలని ఆకుపచ్చ పెన్ను.

“సర్వీసంతా ఈ రంగు చూసే జనం నమ్మారనుకున్నాను. కాదురా... వాళ్లు నన్ను ఎరుగుదురు, అందుకే నమ్మారు” అన్నారు.

ఇవి గుర్తుంచుకోండి

• ఇంట్లో ఫైళ్లు పంచుకునే పెట్టె ఉంటే, చుట్టాలకు, అద్దెకున్నవాళ్లకు ఇంటి వైఫై కాకుండా గెస్ట్ వైఫై ఇవ్వండి.

• మ్యాక్ నుంచి మౌంట్ కాకపోతే రెండు దారులు. మ్యాక్‌లో ‘రెస్వ్‌పోర్ట్’, లేదా సర్వర్లో ‘ఇన్‌సెక్యూర్’. ఇంటి మటుకు భద్రతలో రెంటికీ తేడా లేనట్టే.

• ఎన్ఎఫ్ఎస్ వాడే 2049, 111 పోర్టులను రౌటర్లో బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి.

• పాత ఫొటోలు, పాటల్లాంటివి చూడటానికి మాత్రమే అనుమతించండి. మార్చే అధికారం ఒక్కరికే ఉంచండి.

• పోతే తిరిగి రానిదేదైనా విడిగా ఇంకో కాపీ తీసి దాచండి. ఎంత మంచి తాళమైనా కాపీకి సాటి రాదు.